వేరేవాళ్ల యాప్‌ల కనెక్షన్లు మన సాఫ్ట్‌వేర్‌లో మన పేరుతో పెట్టొచ్చా? గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో మీరిద్దరు కలిసి మిర్చి కమీషన్ కొట్లకు, కోల్డ్ స్టోరేజీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నారు. 140 మంది వాడుతున్నారు. ఎంట్రీలు టాలీలోకి (లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్) వాటంతటవే వెళ్లాలని, పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీ) రైతు వాట్సాప్‌కు పోవాలని, ఆన్‌లైన్‌లో వచ్చిన డబ్బు ఖాతాలో పడాలని, రోజు లెక్క గూగుల్ షీట్‌లో కనిపించాలని వాళ్లు అడుగుతున్నారు. ఇవన్నీ మనం రాయడమెందుకు, వేర్వేరు యాప్‌లను కలిపిపెట్టే రెడీమేడ్ ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫాం ఒకటి కొని మన లోగోతో లోపల పెట్టేద్దామని మీ పార్ట్‌నర్ అంటున్నారు. అలా కుదురుతుందా, కస్టమర్‌కు తెలిసిపోతుందా, దీనికి విడిగా డబ్బు తీసుకోవచ్చా అని అడిగారు.

కుదురుతుంది. కానీ మీరు చెప్పిన నాలుగింటి కోసం ప్లాట్‌ఫాం కొనొద్దు. టాలీ, వాట్సాప్ మీరే రాసుకోవాలి, వేరే దారి లేదు. షీట్లు, పేమెంట్లు కూడా ఇద్దరు మనుషులు ఒక నెలన్నరలో చేసుకోగలిగిన పనే. మీ కస్టమర్లు ఇరవై ముప్పై రకాల యాప్‌లు అడిగే రోజు వస్తే అప్పుడు ప్లాట్‌ఫాం సంగతి చూడొచ్చు. ఏ దారిన వెళ్లినా ఒక్క దగ్గర మాత్రం రాజీ పడకండి: కస్టమర్ నుంచి అనుమతి తీసుకునే యాప్ రిజిస్ట్రేషన్ మీ కంపెనీ పేరు మీదే ఉండాలి. లోగో, రంగులు, డొమైన్ తర్వాతైనా మార్చుకోవచ్చు. ఇది మాత్రం తర్వాత మార్చడం మహా కష్టం. ఆ కష్టం పడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నాది విజయవాడ. ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపులకు, వస్త్రలతలో బట్టల హోల్‌సేల్ వాళ్లకు స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తుంటాం. కొన్నేళ్ల క్రితం సరిగ్గా మీ పార్ట్‌నర్ చెప్పిన పనే చేశాం. విదేశీ ప్లాట్‌ఫాం ఒకటి తీసుకున్నాం. మా సెట్టింగ్స్ పేజీలో ‘కనెక్షన్లు’ అని ఒక ట్యాబ్ పెట్టి, అందులో వాళ్ల స్క్రీన్ ఇరికించాం. రంగు మాది, లోగో మాది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మొదటి వారం ఆటోనగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. “ఏవండీ, గూగుల్ కనెక్ట్ నొక్కితే ఎవరో అమెరికా కంపెనీ నా అకౌంట్ చూస్తానంటోంది. ఇది మీదేనన్నారు కదా? నొక్కమంటారా, వద్దంటారా?”

జరిగింది ఏమిటంటే, ఇలాంటి కనెక్షన్లు ఎక్కువగా ఓఆథ్ 2.0 అనే పద్ధతి మీద నడుస్తాయి. కస్టమర్ తన పాస్‌వర్డ్ మనకు ఇవ్వడు. గూగుల్ పేజీకి వెళ్లి “ఫలానా యాప్‌కు అనుమతి ఇస్తున్నాను” అని ఒప్పుకుంటాడు. అప్పుడు గూగుల్ ఒక టోకెన్ ఇస్తుంది, పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి లాంటిది. ఆ పేజీ గూగుల్‌ది, మన లోగోతో దాన్ని కప్పలేం. అక్కడ కనిపించే పేరు ఎవరు యాప్ రిజిస్టర్ చేశారో వాళ్లది. పని త్వరగా అవుతుందని మేం ప్లాట్‌ఫాం వాళ్ల రెడీమేడ్ రిజిస్ట్రేషన్‌నే వాడాం కాబట్టి వాళ్ల పేరు వచ్చింది.

అసలు దెబ్బ అది కాదు. ఏడాది తర్వాత ధర పెంచారు, బయటికి వద్దామనుకున్నాం. టోకెన్లు ఏ యాప్ పేరు మీద తీసుకున్నారో ఆ యాప్‌కే పనిచేస్తాయి, ఇంకో యాప్‌కు మార్చుకునే వీల్లేదు. కాబట్టి కస్టమర్లందరి చేతా మళ్లీ మొదటి నుంచి కనెక్ట్ చేయించాలి. షాపు ఓనర్‌కు జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుండదు. ఓటీపీ వెళ్లేది ఎప్పుడో మానేసిన గుమాస్తా ఫోన్‌కు. ఇద్దరు కుర్రాళ్లు బండ్లేసుకుని షాపు షాపుకూ తిరిగారు, నెల పట్టింది. అదే రిజిస్ట్రేషన్ మా పేరు మీద ఉండి, టోకెన్లు బయటికి తీసుకునే వీలుంటే, కస్టమర్‌కు తెలియకుండా ఒక రాత్రిలో మారిపోయేవాళ్లం. మంచి ప్లాట్‌ఫాంలు మన సొంత రిజిస్ట్రేషన్ పెట్టుకోనిస్తాయి. వెళ్లిపోయేటప్పుడు టోకెన్లు ఇస్తారా అన్నది మాత్రం సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు మీ నాలుగింటి సంగతి.

టాలీ. మీ పనిలో సగం ఇదే. విదేశీ ప్లాట్‌ఫాంల జాబితా తీసి చూడండి: సేల్స్‌ఫోర్స్, హబ్‌స్పాట్, స్లాక్, క్విక్‌బుక్స్. వందల కనెక్టర్లు ఉన్నాయంటారు గానీ మన కొట్లలో వాడేవి వాటిలో వెతుక్కోవాలి. పైగా అవన్నీ ఇంటర్నెట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్లు. మన కొట్లో టాలీ ఉండేది గల్లాపెట్టె పక్కన కంప్యూటర్‌లో. బయటినుంచి దాన్ని పిలిస్తే పలకదు. టాలీప్రైమ్ అదే కంప్యూటర్‌లో మామూలుగా 9000 పోర్టు (ప్రోగ్రాంలు మాట్లాడుకునే ద్వారం) మీద ఎక్స్‌ఎంఎల్ అనే ఫార్మాట్‌లో డేటా తీసుకుంటుంది, ఎక్స్‌ఎంఎల్‌లోనే జవాబిస్తుంది. అంటే ఆ కంప్యూటర్‌లో మీ చిన్న ప్రోగ్రాం ఒకటి కూర్చుని, మీ సర్వర్‌ను అడిగి తెచ్చుకుని, టాలీకి అందించాలి. కొట్లో ఇంటర్నెట్ బాక్సు సెట్టింగులు మార్చి పోర్టు బయటికి తెరిచే పని ఎప్పుడూ పెట్టుకోకండి. లోపలి ప్రోగ్రామే బయటికి వచ్చి అడగాలి.

టాలీతో మేం తిన్న దెబ్బలు కొన్ని చెబుతాను, మీకు రోజులు మిగులుతాయి. ఎంట్రీ పడకపోయినా హెచ్‌టీటీపీ జవాబు 200 (అంటే ‘సరే, అందింది’) అనే వస్తుంది. లోపల ‘క్రియేటెడ్’, ‘ఎర్రర్స్’ లెక్కలు, ‘లైన్ ఎర్రర్’ చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది. మా మొదటి వెర్షన్ 200 చూసి “వెళ్లింది” అని పచ్చ గుర్తు పెట్టేది. మూడు వారాల బిల్లులు వెళ్లలేదని ఆడిటర్ చెప్పాక తెలిసింది. లెడ్జర్ పేరు అక్షరం తేడా వచ్చినా ఎంట్రీ ఆగిపోతుంది. పార్టీ పేరులో & గుర్తు ఉంటే, దాన్ని ఎక్స్‌ఎంఎల్‌కు తగ్గట్టు మార్చి పంపకపోతే మొత్తం ఫైలే చెడిపోతుంది. ‘అండ్ కో’, ‘అండ్ సన్స్’ లేని మిర్చి కొట్టు గుంటూరులో ఎన్ని ఉంటాయి చెప్పండి! సాయంత్రం గుమాస్తా టాలీ మూసేసి వెళ్లిపోతాడు, లేదా వేరే కంపెనీ తెరిచి ఉంచుతాడు. కాబట్టి వెళ్లనివి వరుసలో ఆగి, పొద్దున తెరవగానే వెళ్లాలి. ఇంకోటి, లైసెన్స్ లేకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో టెస్ట్ చేస్తే నెలలో 1, 2, 31 తేదీల ఎంట్రీలే తీసుకుంటుంది. మా కుర్రాడు ఇది తెలియక రెండు రోజులు తన కోడ్‌లో తప్పు వెతుక్కున్నాడు.

వాట్సాప్. ఇక్కడ ‘మన బ్రాండ్’ అన్న మాటను కొంచెం తిప్పి ఆలోచించాలి. రైతుకు మీ సాఫ్ట్‌వేర్ పేరుతో అవసరం లేదు, తను సరుకు దించిన కొట్టు పేరు కనిపించాలి. మేం మొదట ఒక రీసెల్లర్ దగ్గర ఉమ్మడి నంబరు తీసుకుని అందరి బిల్లులూ దాని మీద పంపాం. వస్త్రలతలో ఒక షాపు బిల్లు ముక్కూ మొహం తెలియని పేరుతో వెళ్లేసరికి ఎవరో మోసం చేస్తున్నారనుకుని బ్లాక్ చేశారు. చాలామంది బ్లాక్ చేస్తే ఆ నంబరు క్వాలిటీ రేటింగ్ పడిపోతుంది, అప్పుడు దాని మీద నడిచే మిగతా షాపులకూ దెబ్బే. అందుకని ప్రతి కొట్టుకూ దాని సొంత నంబరు, సొంత డిస్‌ప్లే పేరు పెట్టండి. వాట్సాప్ ఓనర్ కంపెనీ మెటా దగ్గర టెక్ ప్రొవైడర్‌గా నమోదైతే ‘ఎంబెడెడ్ సైనప్’ అనే పద్ధతి ఇస్తారు. కొట్టు ఓనర్ మీ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే తన నంబరు కలుపుకుంటాడు. దానికి మీ కంపెనీ పత్రాల తనిఖీ, యాప్ రివ్యూ ఉంటాయి, కాబట్టి ముందే మొదలుపెట్టండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఉన్న నంబరును రెండు చోట్లా నడిపే వీలు ఇప్పుడు ఇచ్చారు గానీ, నేనైతే పట్టీల కోసం కొత్త సిమ్ తీసుకోమంటాను. ఓనర్ గారి పాత నంబరులో ఇరవై ఏళ్ల పరిచయాలుంటాయి, దానితో ప్రయోగాలు వద్దు.

పట్టీ మెసేజ్‌కు ముందే టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ఆమోదం కావాలి, తెలుగులోనూ పెట్టుకోవచ్చు. రెండు జాగ్రత్తలు. మధ్యలో నింపే ఖాళీల్లో కొత్త లైను పట్టదు. తేజ రకం ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), 341 రకం ఎన్ని, కాటా, హమాలీ అంటూ వరుసగా నింపి పంపితే ఎర్రర్ వస్తుంది. పట్టీని పీడీఎఫ్‌గా జత చేసి, మెసేజ్‌లో మొత్తం టిక్కీలు, చేతికొచ్చే డబ్బు రెండే రాయండి. రెండోది, చివర్లో “మళ్లీ మా కొట్టుకే రాగలరు” అని మర్యాదకు ఒక ముక్క చేర్చాలనిపిస్తుంది. చేర్చకండి. లావాదేవీ మెసేజ్ యుటిలిటీ కిందికి వస్తుంది, అందులో పిలుపు కలిస్తే మార్కెటింగ్ లెక్కలోకి పోతుంది. 2025 జూలై 1 నుంచి టెంప్లేట్ మెసేజ్‌కు ఇంత అని తీసుకుంటున్నారు. మన దేశంలో మార్కెటింగ్ రేటు యుటిలిటీ కంటే చాలా ఎక్కువ. ఆ మర్యాద ఖరీదు సీజన్ అయ్యాక తెలుస్తుంది.

పేమెంట్లు. డబ్బు మీ ఖాతాలో పడి అక్కడి నుంచి కొట్లకు పంచే ఏర్పాటు ఎంత సులువుగా కనిపించినా దాని జోలికి పోకండి. పదిమంది వ్యాపారుల డబ్బు మధ్యలో నిలబడి వసూలు చేయడం పేమెంట్ అగ్రిగేటర్ పని, దానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి కావాలి. ప్రతి కొట్టూ రేజర్‌పే లాంటి దాంట్లో తన కేవైసీతో తన ఖాతా తెరుచుకోవాలి. మీ సాఫ్ట్‌వేర్ కబురు మాత్రం అందుకోవాలి. ఆ కబురు వెబ్‌హుక్‌గా, అంటే డబ్బు పడగానే వాళ్ల సర్వర్ మీ సర్వర్‌కు తనంతట తానే పంపే సందేశంగా వస్తుంది. అది నిజంగా వాళ్లు పంపిందేనా అని దానితో వచ్చే డిజిటల్ సంతకం సరిచూసుకోండి. ఒకే కబురు రెండుసార్లు రావడం మామూలే, ఈవెంట్ ఐడీ దాచుకుని రెండోసారి వచ్చింది వదిలేయండి. మేం వదిలేయక ఒక పార్టీకి ఒకే రసీదు రెండుసార్లు జమ వేశాం. ఆయన మంచివాడు కాబట్టి తనే చెప్పాడు. ఇంకా, రేజర్‌పేలో మొత్తాలు పైసల్లో ఉంటాయి. 4,500 రూపాయలు 4,50,000గా వస్తుంది. నవ్వకండి, అదీ చేశాం.

గూగుల్ షీట్లు. నాలుగింటిలో ఇదే తేలిక. యాప్‌ను ‘టెస్టింగ్’ స్థితిలో వదిలేస్తే వంద మంది యూజర్లకే పరిమితం, పైగా టోకెన్ ఏడు రోజులకు చచ్చిపోతుంది. ప్రతి సోమవారం కనెక్షన్ పోతోందని ఎవరైనా అంటే మొదట అది చూడండి. అనుమతి అడిగేటప్పుడు డ్రైవ్ మొత్తం అడక్కుండా, మీ యాప్ తయారు చేసిన ఫైళ్ల వరకే అడిగే ‘డ్రైవ్ డాట్ ఫైల్’ స్కోప్ (అనుమతి హద్దు) తీసుకోండి. గూగుల్ తనిఖీ చాలా తేలికవుతుంది, కస్టమర్ కూడా భయపడడు. పరిమితులు కూడా ఉన్నాయి: నిమిషానికి ప్రాజెక్టు మొత్తానికి 300 రాతలు, ఒక్కో యూజర్‌కు 60. సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డుకు లక్ష టిక్కీలు దాటి వచ్చే రోజు సాయంత్రం మీ 140 కొట్లూ ఒకేసారి లెక్క ముగిస్తాయి. పట్టీకి ఒక రాత చొప్పున పంపితే అక్కడే ఇరుక్కుంటారు. పోగుచేసి ఒకేసారి పంపండి.

ఈ-ఇన్‌వాయిస్ (జీఎస్టీ కోసం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) మీరు అడగలేదు గానీ ఎగుమతి చేసే పార్టీలు అడుగుతారు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన టర్నోవర్‌కు అది తప్పనిసరి. దాన్ని సొంతంగా తలకెత్తుకోకుండా జీఎస్‌పీ (జీఎస్టీ సువిధా ప్రొవైడర్) ద్వారా వెళ్లండి. ఇది అద్దెకు తీసుకోదగ్గ కనెక్షనే, ఎందుకంటే నిబంధనలు మారినప్పుడల్లా మార్చుకునే పని వాళ్లు చూసుకుంటారు.

ఇక ప్లాట్‌ఫాం తీసుకోవాల్సిందే అనుకుంటే. ఇవి రెండు రకాలు. ఒక రకం, కనెక్షన్ల తెర, వర్క్‌ఫ్లోలు అన్నీ మీ లోపల ఇరికించేవి: పారాగాన్, ప్రిస్మాటిక్, వర్కాటో ఎంబెడెడ్ లాంటివి. ఇంకో రకం, ఒకే రకం యాప్‌లన్నిటికీ కలిపి ఒకే ఏపీఐ (ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి పిలిచే దారి) ఇచ్చేవి: మెర్జ్ లాంటివి. చాలావాటికి లెక్క డాలర్లలో, కనెక్ట్ అయిన కస్టమర్‌కు ఇంత అని ఉంటుంది. ఏడాదికి కొన్ని వేలు కట్టే కొట్టు మీద ఆ లెక్క వేసి చూడండి, మీ పార్ట్‌నర్‌కు నేను చెప్పక్కర్లేదు. “ఎన్‌ఎయిట్‌ఎన్ ఫ్రీగా వస్తుంది కదా, దాన్నే మన లోగోతో పెట్టేద్దాం” అని ఎవరో ఒకరు అంటారు. అదీ యాప్‌లను కలిపే సాధనమే. దాని లైసెన్స్ సొంత కంపెనీ లోపలి పనులకు వాడుకోనిస్తుంది గానీ, పేరు మార్చి కస్టమర్లకు డబ్బులకు అమ్ముకోనివ్వదు. దానికి విడిగా ఎంబెడ్ లైసెన్స్ కొనాలి. అలాంటిదే ఇంకోటి, యాక్టివ్‌పీసెస్, దాని కమ్యూనిటీ వెర్షన్ ఎంఐటీ అనే ఉదారమైన ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో ఉంది గానీ, లోపల ఇరికించి పేరు మార్చుకునే సౌకర్యాలు డబ్బు కట్టే వెర్షన్‌లోవి. ఉచితం అనగానే లైసెన్స్ పేజీ చదవండి.

లోగో మార్చేస్తే కస్టమర్‌కు తెలియదనుకోవద్దు. పరాయి పేరు బయటపడే కంతలు చాలా ఉన్నాయి: అనుమతి పేజీ, పాప్‌అప్ విండో చిరునామా, “మీ కనెక్షన్ తెగిపోయింది” అని ప్లాట్‌ఫాం నేరుగా పంపే మెయిల్, ఎర్రర్ వాక్యం, హెల్ప్ లింకు. మీ సబ్‌డొమైన్ మీద నడిపించండి, మెయిళ్లు మీ డొమైన్ నుంచి వెళ్లేలా చూడండి. ఇంకొకరి డొమైన్ తెరను ఫ్రేములో పెడితే సఫారీ బ్రౌజర్‌లో థర్డ్ పార్టీ కుకీలు (లాగిన్‌ను గుర్తుపెట్టుకునే వేరే సైటు గుర్తులు) పనిచేయవు, ఐప్యాడ్ వాడే ఓనర్ లాగిన్ చేసిన ప్రతిసారీ మళ్లీ లాగిన్ అడుగుతూనే ఉంటుంది.

అలాగని దాచకూడనివీ ఉన్నాయి. ‘టాలీతో కలపండి’ అని రాయండి, వాళ్ల లోగోను మీ లోగోలా వాడకండి. కస్టమర్ డేటా మధ్యలో ఎవరి సర్వర్ మీదుగా పోతోందో ఒప్పందంలో రాయండి. పట్టీలో రైతు పేరు, ఊరు, ఫోన్, బ్యాంకు ఖాతా నంబరు ఉంటాయి. 2023 డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. డేటా భద్రత సరిగా చూడకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ఆ చట్టం ముందు పట్టుకునేది కొట్టువాణ్ణి, ఆయన పట్టుకునేది మిమ్మల్ని. వాట్సాప్‌కూ షీటుకూ బ్యాంకు ఖాతా నంబరు వెళ్లాల్సిన పనేముంది? పంపకండి.

నన్నడిగితే వీటన్నిటికంటే ముందు కట్టాల్సింది ఒక తెర. ఏ పట్టీ ఎక్కడికి వెళ్లింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అని తెలుగులో చూపించాలి. “ఎర్రర్ 400” అని కాదు, “టాలీలో ఈ పార్టీ పేరు లేదు, లెడ్జర్ తెరిచి మళ్లీ నొక్కండి” అని. కొట్టు అద్దెదైనా బోర్డు మీది కాబట్టి ఫోన్ మీకే వస్తుంది, ప్లాట్‌ఫాం వాళ్ల సపోర్టు రాత్రి పూట మెయిల్‌లో జవాబిస్తుంది. మేం ఈ తెర పెట్టాక టాలీ మీద వచ్చే ఫోన్లు సగానికి పైగా తగ్గాయి. గుమాస్తాలే సరిచేసుకుంటున్నారు. మళ్లీ పంపే బటన్ కూడా అక్కడే ఉండాలి.

డబ్బు సంగతి. టాలీ కనెక్షన్‌ను మేం ఏడాది ఏఎంసీలో (వార్షిక నిర్వహణ రుసుములో) కలిపేశాం, అది లేకపోతే సాఫ్ట్‌వేరే కొనరు. వాట్సాప్‌కు మా సెటప్ ఖర్చు ఒకసారి తీసుకుంటాం, మెసేజ్ చార్జీలు షాపువాళ్లే మెటాకు నేరుగా కట్టుకుంటారు. మధ్యలో మనం కట్టి వసూలు చేసుకోవడం మొదలుపెడితే, బాకీ పడ్డ కొట్టు మెసేజ్‌లు ఆపలేక, ఆపకుండా ఉండలేక నలిగిపోతాం.

వరుస అడిగితే, ముందు టాలీ. దాన్ని యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే రోజుల్లో పదిమంది దగ్గర పెట్టి చూడండి, ఫిబ్రవరి మార్చిలో కొత్తది ఏదీ ఎక్కించకండి. ఈలోపు మెటా, గూగుల్ తనిఖీలకు అప్లై చేసి ఉంచండి. మీ 140 కొట్లలో ఎన్నింట్లో టాలీ లైసెన్స్ ఉన్నది, ఏ వెర్షన్, మల్టీ యూజరా కాదా అన్న లెక్క తీసి ఇక్కడ రాస్తే, ఆ చిన్న ప్రోగ్రాం ఏ కంప్యూటర్‌లో పెట్టాలో చెబుతాను. మల్టీ యూజర్ కొట్లలో అది వేరే తలనొప్పి.